వజ్రాల పిట్ కొన్న మట్టిదిబ్బ

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే మనిషి పేరు థామస్ పిట్. చరిత్ర పుస్తకాల్లో ఈయన కంటే ఈయన మనవడు, ముని మనవడు ఎక్కువగా కనిపిస్తారు. ఇద్దరి పేరూ విలియం పిట్టే, ఇద్దరూ బ్రిటన్‌కు ప్రధానమంత్రులే. తాతకు మాత్రం ‘డైమండ్ పిట్’ అన్న పేరు మిగిలింది. ఆ వజ్రం మన గడ్డ మీద దొరికింది. పాత ఇంగ్లీషు రాతల్లో పార్టియాల్ అని కనిపించే ఊరు మన పరిటాల. గని అది కాదు, పల్నాటి వైపు కొల్లూరు అనేవారూ ఉన్నారు. ఆ కొల్లూరు గనుల నేల ఇప్పుడు పులిచింతల ముంపులో ఉంది. పరిటాల అయినా కొల్లూరు అయినా కృష్ణా తీరమే కాబట్టి ఆ తగవులోకి నేను దిగను.

మన వజ్రాల ప్రస్తావన రాగానే సభలో ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ఆ బాధ నాకూ ఉంది. అయితే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది వేరు. పిట్ వంశాన్ని నిలబెట్టింది వజ్రమేనని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. వజ్రం చేతికి రావడానికి పదేళ్ల ముందే ఆయన ఇంగ్లండ్‌లో ఒక మట్టిదిబ్బ కొన్నాడు. ఆ వంశాన్ని పార్లమెంటు మెట్లెక్కించింది ఆ దిబ్బే. ఎలాగో చెబుతాను.

1653లో డార్సెట్ ప్రాంతంలో బ్లాండ్‌ఫర్డ్ సెయింట్ మేరీ అనే పల్లెలో, ఒక చర్చి గురువు ఇంట పుట్టాడు థామస్ పిట్. ఇంట్లో మర్యాదకు లోటు లేదు, డబ్బే అంతంతమాత్రం. ఇరవై ఏళ్లు దాటగానే ఈస్టిండియా కంపెనీ ఓడలో కొలువు సంపాదించి బయలుదేరాడు. ఓడ ఒడిశా తీరంలోని బాలాసోర్ చేరగానే దిగిపోయాడు, మళ్లీ ఎక్కలేదు. ఆ రోజుల్లో తూర్పు దేశాలతో వ్యాపారం చేసే హక్కు ఒక్క కంపెనీదే. రాజు ఇచ్చిన సన్నదు అది. దానిని కాదని సొంతంగా సరుకు కొని అమ్మే ఇంగ్లీషువాడు కంపెనీ దృష్టిలో దొంగ. పిట్ ఏళ్ల తరబడి ఆ దొంగ వ్యాపారమే చేశాడు. కంపెనీ పట్టుకోమని ఉత్తర్వులు పంపుతూనే ఉంది, ఆయన వ్యాపారం పెంచుకుంటూనే ఉన్నాడు. ఈలోగా జేన్ ఇన్నెస్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. ఆమె ఎవరు? బెంగాల్‌లో కంపెనీ వ్యవహారాలు చూసే పెద్ద అధికారి మథయాస్ విన్సెంట్‌కు దగ్గరి బంధువు. పట్టుకోవలసినవాడి ఇంటికే అల్లుడైపోయాడన్నమాట.

ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక కంపెనీ కోర్టుకు లాగింది. వెయ్యి పౌన్ల జరిమానా పడింది, తరువాత అది నాలుగు వందలకు దిగింది. కట్టేశాడు. మిగిలిన డబ్బుతో భూమి కొనడం మొదలుపెట్టాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆనాటి ఇంగ్లండ్‌లో వ్యాపారంలో ఎంత గడించినా, చేతిలో భూమి లేనివాడిని పెద్దమనిషిగా లెక్కపెట్టేవారు కారు. భూమి ఉంటే కౌలు వస్తుంది, అది సరే. దానితోపాటు కౌలుదారుల ఓట్లు వస్తాయి, చర్చి గురువును నియమించే హక్కు వస్తుంది, ఊరి తగవులు తీర్చే అధికారం వస్తుంది. మన జమీందారీలు తెలిసినవారికి ఇది ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఒక్క తేడా ఉంది. అక్కడి భూస్వామికి కొన్నిచోట్ల పార్లమెంటు స్థానం కూడా ఆస్తిగా దొరికేది. అమ్మవచ్చు, కొనవచ్చు, కొడుక్కి రాసివ్వవచ్చు.

అలాంటి స్థానాల్లో అన్నిటికంటే విచిత్రమైనది ఓల్డ్ సారమ్. సాలిస్‌బరీ పట్టణానికి ఉత్తరాన, గుండ్రని పెద్ద మట్టికట్టలతో ఉన్న ఒక దిబ్బ అది. క్రీస్తుకు పూర్వం నాటి కోట. తరువాత నార్మన్లు దాని మీద రాతికోట కట్టారు, పెద్ద చర్చి కట్టారు, చుట్టూ ఊరు వెలిసింది. కానీ పైన గాలి ఎక్కువ, నీళ్లు తక్కువ, కోటలో సైనికులకూ చర్చి గురువులకూ పడేది కాదు. పదమూడో శతాబ్దంలో బిషప్పు విసిగిపోయి కింద నది ఒడ్డున కొత్త చర్చి మొదలుపెట్టాడు. 1220లో దానికి పునాది పడింది. జనం కిందికి దిగిపోయారు. పాత చర్చిని పడగొట్టి రాళ్లు తరలించుకుపోయారు. దిబ్బ మీద గడ్డి, గొర్రెలు మిగిలాయి. పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపే హక్కు కూడా మిగిలింది!

ఊరు లేదు, ఇళ్లు లేవు, ఇద్దరు ఎంపీలు మాత్రం ఉన్నారు. ఓటు ఎవరిది? ఒకప్పుడు ఇళ్లు ఉండిన స్థలాలది. ఆ పొలాల్లో ఫలానా ముక్క ఎవరి పేరున ఉంటే ఓటు వారిది. స్థలాలన్నీ ఒకరి చేతిలో ఉంటే, ఎన్నిక నాటికి వాటిని నమ్మకస్తుల పేర రాసి, పని అయిపోగానే వెనక్కి తీసుకోవచ్చు. ఓటర్లు ఏనాడూ డజను దాటినట్టు లేరు. పోలింగు ఒక చెట్టు కింద జరిగేది. దానికి పార్లమెంటు చెట్టు అని పేరు కూడా ఉండేది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ, అక్కడ అరిచేవారు లేరు, కొట్లాట లేదు, ఖర్చూ లేదు. ఎన్నికలంటే ఇల్లు గుల్లవుతుందని భయపడే అభ్యర్థికి అంతకన్నా ఏం కావాలి?

1690ల మొదట్లో పిట్ దీనిని సాలిస్‌బరీ ప్రభువు దగ్గర కొన్నాడు. దానిని ఆనుకుని ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ గ్రామం ఎస్టేటును కూడా కొన్నాడు. అప్పటికే 1689లో సాలిస్‌బరీ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. అంటే కంపెనీ దొంగ అని వేటాడిన మనిషి ఇప్పుడు చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. అయినా పాత వ్యాపారం మానలేదు, ఇంకోసారి బెంగాల్ వెళ్లి వచ్చాడు. చివరికి కంపెనీ చేతులెత్తేసింది. ఈయనను బయట ఉంచడం కంటే లోపల పెట్టుకోవడం చవక అనుకున్నారు కాబోలు, 1697లో ఏకంగా మద్రాసు గవర్నరుగా నియమించారు.

1698 జూలైలో పిట్ సెంట్ జార్జి కోటలో అడుగుపెట్టి పదకొండేళ్లు ఉన్నాడు. ఆ పదకొండేళ్ల గురించి విడిగా ఇంకో సాయంత్రం మాట్లాడవచ్చు, ఇప్పుడు క్లుప్తంగా చెబుతాను. 1702లో మొగలుల తరఫున మద్రాసు చుట్టుపక్కల సీమను (అప్పట్లో దాన్నే కర్ణాటకం అనేవారు) ఏలుతున్న దావూద్ ఖాన్ మద్రాసును మూడు నెలలకు పైగా దిగ్బంధించాడు. పిట్ గోడలు బలపరుచుకుని కూర్చున్నాడు, ఆఖరికి డబ్బు ఇచ్చి తప్పించుకున్నాడు. అక్కడి కులాలు కుడిచేతి, ఎడమచేతి అని రెండు వర్గాలుగా ఉండేవి. 1707లో ఆ రెంటి మధ్య ఏ వీధి ఎవరిదన్న తగాదా ముదిరింది. కొందరు ఊరు విడిచి శాంథోమ్ వెళ్లిపోయారు. వీధులు పంచి హద్దులు పెట్టించి ఎలాగో చల్లబరిచాడు. 1708లో తిరువొత్తియూరు, నుంగంబాక్కం సహా ఐదు గ్రామాలు కంపెనీకి రాయించాడు. తీరిక దొరికితే తోటపని చేసేవాడు, మొక్కలు నాటించేవాడు. ఇంటికి రాసిన ఉత్తరాల్లోనూ స్ట్రాట్‌ఫర్డ్‌లో చెట్లు నాటండి, తోటను చూడండి అని పురమాయింపులే. మద్రాసులో గవర్నరుగా ఉన్నా ఆయన మనసు విల్ట్‌షైర్ పొలాల మీదే ఉంది.

గవర్నరు జీతం ఏడాదికి రెండు మూడు వందల పౌన్లు. దానితో ఎవరూ ఎస్టేట్లు కొనలేరు. సొంత వ్యాపారం చేసుకోవచ్చని కంపెనీ కూడా చూసీచూడనట్టు ఉండేది. వజ్రాలు అందుకు అనువైన సరుకు. ఓడలో చోటు పట్టవు, చెడిపోవు.

1701 డిసెంబరులో జాంచంద్ అనే పేరున్న వజ్రాల వర్తకుడు ఒక పెద్ద ముడి రాయి తీసుకుని వచ్చాడు. 410 కేరట్ల రాయి. అడిగిన ధర రెండు లక్షల వరహాలు. పిట్ ముప్పై వేలన్నాడు. అంతటితో మొదటి రోజు ముగిసింది. తరువాత కొన్ని వారాల్లో వర్తకుడు దిగుతూ వచ్చాడు, గవర్నరు కొంచెం కొంచెంగా ఎక్కుతూ వచ్చాడు. చివరి బేరాన్ని పిట్ తానే రాసిపెట్టాడు, చదివితే ఏ బంగారు కొట్టులోనో కూర్చున్నట్టు ఉంటుంది. వర్తకుడు యాభై అయిదు వేల దగ్గర ఆగాడు, పిట్ నలభై అయిదు వేల దగ్గర ఆగాడు. ఇద్దరూ పట్టు విడవలేదు. రాయి తిరిగి ఇచ్చేసి, నవ్వుతూ నమస్కారాలు చెప్పుకుని విడిపోయారు. పక్క గదిలో రాసుకుంటున్న బెన్యన్ అనే ఉద్యోగితో, ‘హమ్మయ్య, వదిలిపోయింది’ అన్న ధోరణిలో మాట్లాడాడు పిట్. గంట గడిచింది. నౌకరు వచ్చి జాంచంద్, వెంకట చెట్టి గుమ్మంలో ఉన్నారన్నాడు. మధ్యవర్తిగా వచ్చిన ఆ వెంకట చెట్టి పేరు చూస్తే మనవాడిలాగే ఉన్నాడు. రాయిని మళ్లీ పొగిడారు. ఇంకెవరికో ఇవ్వడం కంటే మీకివ్వడమే మాకిష్టం, యాభై వేలకు తీసుకోండి అన్నారు. తేడా అయిదు వేలు చెరిసగం చేద్దామన్నాడు పిట్, అంటే నలభై ఏడు వేల అయిదు వందలు. కుదరదని వర్తకుడు లేచాడు, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. నలభై తొమ్మిది అన్నాడు. కాసేపటికి నలభై ఎనిమిది అన్నాడు, ఇక వరహా కూడా తగ్గనని ఒట్టు పెట్టాడు. పిట్ మళ్లీ పక్క గదిలోకి వెళ్లి బెన్యన్‌తో, నలభై ఏడున్నర వేలు చేసే రాయి నలభై ఎనిమిదీ చేస్తుందిలే అన్నాడు. బేరం కుదిరింది. ఇంగ్లీషు లెక్కలో ఇరవై వేల పౌన్లు దాటింది.

ఇందులో నాకు నచ్చేది జాంచంద్ గుమ్మం దాకా వెళ్లి తిరిగిన ఆ అడుగు. కొనేవాడు గవర్నరు, కోట అతనిది, సిపాయిలు అతనివాళ్లు. అయినా మన వర్తకుడు తన కొట్లో కూర్చున్నంత నిబ్బరంగా బేరమాడాడు. ఇదంతా పిట్ తనకు తాను ఇచ్చుకున్న యోగ్యతా పత్రం అన్న సంగతి మాత్రం మరచిపోకూడదు.

ఆయన అలా రాయవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, రాయి దక్కించుకున్న తీరు మీద కథలు పుట్టాయి. గనిలో పనిచేసే ఒక బానిస తన కాలు కోసుకుని గాయంలో రాయి దాచాడనీ, ఒక ఓడ సారంగు అతణ్ణి సముద్రంలోకి తోసి రాయి కాజేశాడనీ ఒక కథ. గవర్నరే వర్తకుణ్ణి బెదిరించి లాక్కున్నాడని ఇంకో మాట. ఓ పేరున్న ఇంగ్లీషు కవి పద్యంలో కూడా దెప్పాడు. కంపెనీ 1709లో గవర్నరు పదవి నుంచి తీసేశాక, ఇంటిదారిలో నార్వేలోని బెర్గెన్ రేవులో ఆగినప్పుడు, 1710 జూలైలో, పిట్ ఈ బేరం వివరమంతా రాసి సంతకం చేశాడు. తన తరువాత పిల్లలను ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన ఆరాటం.

ఆ పిల్లల సంగతి ఇప్పుడు చెప్పాలి. రాయిని పెద్దకొడుకు రాబర్ట్ చేతికిచ్చి 1702లో లండన్ పంపాడు. బూటు మడమలో దాచుకుని వెళ్లాడని చెప్పుకుంటారు. అక్కడ రెండేళ్లు సానపట్టారు. 410 కేరట్ల రాయి 140 కేరట్లకు దిగింది, సానపట్టడానికే అయిదు వేల పౌన్లు అయ్యాయి. రాయి క్షేమంగానే చేరింది గానీ, రాబర్ట్ తండ్రికి ఒక్క మాటైనా చెప్పకుండా హారియెట్ విలియర్స్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఉన్నత వంశమే, కట్నమే అంతంతమాత్రం. మద్రాసుకు ఈ వార్త చేరేసరికి నెలలు పట్టింది. పిట్ కోపం తిరుగు ఓడలో ఉత్తరాలుగా వెళ్లింది.

ఆ ఉత్తరాలు చాలావరకు భద్రంగా ఉన్నాయి. ఓపిక ఉన్నవారు చదవాలి. భార్య జేన్ ఇంగ్లండ్‌లో ఉంది. డబ్బు విషయంలో ఆమె మీద ఆయనకు నమ్మకం లేదు, ఆయన కోపాన్ని ఆమె భరించలేదు. తల్లికీ కొడుక్కీ పడదు, అన్నకూ తమ్ములకూ పడదు, కోడలికీ ఆడపడుచులకూ అసలే పడదు. ఎవరికి వారు మద్రాసుకు ఫిర్యాదులు పంపేవారు. తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకరినొకరు నాశనం చేసుకోవాలని ఇంతలా పూనుకున్న కుటుంబం లోకంలో ఇంకొకటుందా, మీకందరికీ ఏ పాడు గ్రహం పట్టింది అన్నంత తీవ్రంగా రాశాడాయన. అదే ఉత్తరాల్లో లెక్కలు సరిగ్గా రాయండి, పొలాలు చూసుకోండి, మొక్కలు నాటండి అన్న మాటలు కూడా ఉంటాయి. రాబర్ట్ మాత్రం 1705లో ఓల్డ్ సారమ్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. తండ్రి ఏడు సముద్రాల అవతల మండిపడుతున్నా, కొడుకు సీటు భద్రంగానే ఉంది. నేను మొదట్లో మట్టిదిబ్బ అని ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

వజ్రం సంగతి? దానిని కొనే మొనగాడు దొరకలేదు. ఐరోపా రాజులందరికీ చూపించారు, అందరూ మెచ్చుకున్నారు, ఒక్కరూ డబ్బు తీయలేదు. స్పెయిన్ వారసత్వ యుద్ధంలో ఖజానాలు ఖాళీ అవుతున్న రోజులవి. పిట్‌కు అది గొంతులో వెలక్కాయ అయింది. దొంగల భయంతో ఒకే ఇంట్లో వరుసగా రెండు రాత్రులు పడుకోడనీ, ఎక్కడ ఉన్నాడో ఎవరికీ తెలియదనీ, అందుకే రాయిని చూడలేకపోయాననీ అప్పట్లో లండన్ వచ్చిన ఒక జర్మన్ యాత్రికుడు రాసుకున్నాడు. చివరికి 1717లో, జాన్ లా అనే ఆర్థిక వ్యవహారాల మాంత్రికుడి మధ్యవర్తిత్వంతో, ఫ్రాన్స్ బాలరాజు తరఫున పాలన చూస్తున్న ఓర్లియాన్ ప్రభువు కొన్నాడు. ధర లక్షా ముప్పై అయిదు వేల పౌన్లు. కొంత సొమ్ము ముందు ఇచ్చారు, మిగతాదానికి ఫ్రెంచి రాజనగలు జామీను పెట్టారు. పిట్ కొడుకులనూ ఒక అల్లుణ్ణీ వెంటబెట్టుకుని కాలే రేవుకు వెళ్లి తానే స్వయంగా అప్పగించాడు. రాజు తరఫున అలా పాలించేవారిని ఇంగ్లీషులో రీజెంట్ అంటారు, వజ్రానికీ ‘రీజెంట్’ అనే పేరొచ్చింది. 1722లో పదిహేనో లూయీ కిరీటంలో చేరింది, ఫ్రెంచి విప్లవంలో దొంగల పాలై దొరికింది, నెపోలియన్ కత్తి పిడిలో మెరిసింది, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 2025 అక్టోబరులో అదే గదిలో దొంగలు పడి రాజనగలు ఎత్తుకుపోయినప్పుడు దీనిని ముట్టుకోలేదు.

డబ్బు చేతికి రాగానే పిట్ చేసింది ఒకటే పని, భూములు కొనడం. కార్న్‌వాల్‌లో బాకనాక్ అనే పెద్ద ఎస్టేటును యాభై వేల పౌన్లకు పైగా పెట్టి కొన్నాడు. ద్వంద్వ యుద్ధంలో చనిపోయిన మోహన్ ప్రభువు భార్య అమ్మకానికి పెట్టిన ఆస్తి అది. బర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ కొన్నాడు. డార్సెట్, విల్ట్‌షైర్, హాంప్‌షైర్, డెవన్‌లలో ఇంకా పొలాలు ఉండనే ఉన్నాయి. కార్న్‌వాల్ నుంచి ఆ రోజుల్లో నలభై నాలుగు మంది పార్లమెంటుకు వెళ్లేవారు, అక్కడ భూమి ఉంటే ఎన్ని చిన్న స్థానాల మీద పట్టు దొరుకుతుందో మీరే ఊహించుకోండి. చర్చిలు కూడా బాగుచేయించాడు. స్ట్రాట్‌ఫర్డ్ చర్చి గోపురం మీద పెద్ద అక్షరాలతో ‘దాత థామస్ పిట్’ అని, 1711 అని ఈ రోజుకూ చదవవచ్చు. దానం చేసి పేరు చెక్కించుకునే ఆనవాయితీ మన దేవాలయాల మెట్ల మీద ఒక్కచోటే కాదన్నమాట.

పిల్లల్లో లూసీ అనే కూతురు జేమ్స్ స్టాన్‌హోప్‌ను పెళ్లాడింది. ఆయన సేనాని, తరువాత దేశాన్ని నడిపిన మంత్రి. రెండో కొడుకు థామస్ ఐర్లండ్‌లో లండన్‌డెర్రీ ప్రభువయ్యాడు. మూడోవాడు జాన్ సైన్యంలో చేరాడు, ఖర్చుమనిషి. 1726 ఏప్రిల్‌లో స్వాలోఫీల్డ్‌లో పిట్ కన్నుమూశాడు. ఏడాది తిరిగేసరికి రాబర్ట్ కూడా పోయాడు. ఆస్తి కోసం వారసులు కోర్టులకెక్కారు. ఇన్నేళ్ల ఉత్తరాల తిట్లు ఏమీ పనిచేయలేదు.

అయితే ముసలాయన చివరి రోజుల్లో ఒక మనవడిని మెచ్చుకున్నాడు. ఈటన్ బడిలో చదువుతున్న విలియం. రాబర్ట్ రెండో కొడుకు. ఈ కుర్రాడి మీద ఆశ పెట్టుకోవచ్చు అని రాబర్ట్‌కు ఉత్తరం రాశాడు. రెండో కొడుకు కాబట్టి ఆస్తి పెద్దవాడికి పోయింది, విలియంకు ఏడాదికి వంద పౌన్ల చిన్న రాబడి దక్కింది. వజ్రం డబ్బులో అతనికి వచ్చింది అంతే. 1735లో అన్న థామస్ రెండు చోట్ల గెలిచి, ఒక్‌హాంప్టన్ ఉంచుకుని, ఓల్డ్ సారమ్‌ను తమ్ముడికి వదిలేశాడు. ఇరవై ఆరేళ్ల విలియం పిట్ ఆ గొర్రెల దిబ్బ తరఫున పార్లమెంటులో అడుగుపెట్టాడు. పన్నెండేళ్లు అక్కడి సభ్యుడే. ఆ పన్నెండేళ్లలోనే గొప్ప వక్తగా పేరు తెచ్చుకున్నాడు. తరువాత ఏడేళ్ల యుద్ధాన్ని నడిపాడు, 1766లో ప్రధానమంత్రి అయ్యాడు, చాతమ్ ప్రభువయ్యాడు.

ఆ చాతమ్ ప్రభువే 1766లో ఇలాంటి చిన్న స్థానాలను రాజ్యాంగంలో కుళ్లిన భాగం అన్నాడు. 1770లో ప్రభువుల సభలో, ఆసియా నుంచి సంపద తెచ్చుకున్నవారు నేలతో ఏ సంబంధమూ లేకుండా డబ్బు వెదజల్లి పార్లమెంటులోకి చొరబడుతున్నారని నిప్పులు చెరిగాడు. మాట నిజమే. చెప్పినవాడు ఎవరి మనవడు? అప్పుడు సభలో ఎవరైనా నవ్వారో లేదో గానీ, నాకైతే నవ్వు ఆగదు. ఆయన కొడుకు, చిన్న విలియం పిట్, ఇరవై నాలుగేళ్లకే ప్రధానమంత్రి అయ్యాడు. 1784లో కంపెనీ మీద ప్రభుత్వ అజమాయిషీ పెట్టిన చట్టం ఆయనదే. ముత్తాత ఏ కంపెనీని ఎగ్గొట్టి బతికాడో, దానికి ముని మనవడు ముక్కుతాడు వేశాడు. 1785లో పరిహారం ఇచ్చి ముప్పై ఆరు కుళ్లిన స్థానాలను రద్దు చేద్దామని బిల్లు తెచ్చాడు, సభ ఒప్పుకోలేదు.

లూసీ సంతతిలో హెస్టర్ స్టాన్‌హోప్ అనే మహిళ ఉంది. ఆమె తల్లి చిన్న పిట్‌కు అక్క. మేనమామ బ్రహ్మచారి, కాబట్టి ఆయన ఇంటి పెత్తనం కొన్నాళ్లు ఈమె చూసింది. ఆయన పోయాక దేశం విడిచి వెళ్లి, లెబనాన్ కొండల్లో స్థిరపడి, అక్కడే రాణిలా బతికి అక్కడే పోయింది. సొంతవాళ్లతో పొసగని గుణం, దూరదేశంలో కోట కట్టుకునే గుణం, ఆ రెండూ ముత్తాతను దాటి ఇంకో తరం వెనుకకు వెళ్తే దొరుకుతాయి.

ఆస్తి చివరికి ఏమైందో చెప్పి ముగిస్తాను. బాకనాక్ పెద్దకొడుకు సంతతిలో దిగుతూ వచ్చి కామెల్‌ఫర్డ్ ప్రభువు అనే కోపిష్టి యువకుడి చేతికి చేరింది. ఆయన 1804లో ద్వంద్వ యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నాడు, పెళ్లీ పిల్లలూ లేరు. ఎస్టేటు అక్క ఆన్‌కు వెళ్లింది. ఆమె భర్త విలియం గ్రెన్‌విల్ రెండేళ్లకు ప్రధానమంత్రి అయ్యాడు. ఓల్డ్ సారమ్‌ను మాత్రం అంతకుముందే, 1802లో, కాలెడన్ ప్రభువుకు అరవై వేల పౌన్లకు అమ్మేశారని లెక్క. బాకనాక్‌లాంటి ఎస్టేటుకు తాత పెట్టిన సొమ్ము కంటే ఇది ఎక్కువ! కొన్న కాలెడన్ కుటుంబానిది కూడా భారతదేశంలో కంపెనీ కొలువులో గడించిన డబ్బే. ముప్పై ఏళ్లకు, 1832లో, పార్లమెంటు సంస్కరణ చట్టం ఆ స్థానాన్ని రద్దు చేసింది. అప్పటికి ఓటర్లు పదకొండు మంది, వారిలో ఒక్కరూ అక్కడ కాపురం ఉండేవారు కారు. యజమానికి పైసా పరిహారం ఇవ్వలేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.